ట్యాంకులో నేను పోసిన ఆయిల్

టూటీ ఆయిల్ పోసింది నేనే. నా డ్రైవర్ పోశాడని హనుమాన్ జంక్షన్‌లో, టీ కొట్టు ముందు, అందరూ వింటుండగా చెప్పాను. ఆ రోజు నేను చేసిన తప్పు అది. నోరు జారి అన్న మాట కాదు, అబద్ధమని తెలిసే అన్నాను. వెనక్కి తీసుకోవడానికి ఆ సాయంత్రంలోపు బోలెడు అవకాశాలు వచ్చాయి. ఒక్కటీ వాడుకోలేదు.

టూటీ ఆయిల్ అంటే పాత స్కూటర్లలో పెట్రోలుతో కలిపి పోసేది. లారీకి దానితో పని లేదు. కానీ మా విజయవాడ ఆటోనగర్‌లో చాలామంది లారీ ఓనర్లకు అదొక గుట్టు మందు. డీజిల్‌లోంచి గంధకం తీసేసినప్పటి నుంచి డీజిల్ పొడిగా అయిపోయిందని, పంపుకి జిడ్డు అందక అరిగిపోతోందని, కాస్త ఆయిల్ కలిపితే పంపూ బతుకుతుంది, మైలేజీ కూడా వస్తుందని మా నమ్మకం. నేను నా పాత బండికి అలాగే పోసేవాణ్ణి. ముందు ట్యాంకులో ఆయిల్ పోసి, ఆ పైన డీజిల్ పట్టించాలి. అప్పుడే బాగా కలుస్తుంది. ఆ కొలత ఎవరికీ వదలకుండా నా చేత్తో నేనే పోసేవాణ్ణి. పాత బండి పంపు చాలా ఏళ్ళు విప్పాల్సిన పని రాలేదు. అది ఆయిల్ వల్లేనా అంటే ఇప్పుడు చెప్పలేను. అప్పుడు మాత్రం నాకు అనుమానమే లేదు.

తోటి ఓనర్లు నన్ను మైలేజీ డాక్టరు అనేవాళ్ళు. "డాక్టరు గారూ, పది టైర్ల బండికి డోసెంతండీ?" అని టీ తాగుతూ అడిగేవాళ్ళు. అందులో ఎగతాళి కూడా ఉండేది. నేను దాన్ని వినిపించుకునేవాణ్ణి కాదు. చదువు పెద్దగా అబ్బనివాణ్ణి, పొలం అమ్మి లారీ కొన్నవాణ్ణి. నన్ను ఎవరైనా ఏదైనా అడిగి తెలుసుకోవడం ఆ ఒక్క విషయంలోనే జరిగేది.

ఆ పాత బండిని నడిపింది ఈ డ్రైవరే. కొండపల్లి మనిషి, ముస్లిం, నాకంటే కొంచెం చిన్నవాడు. నేను భాయ్ అనేవాణ్ణి, అతను ఓనర్ గారూ అనేవాడు. ముందున్న బండి వేగం తగ్గుతోందని దూరం నుంచే కనిపెట్టి, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసేవాడు. బ్రేకు వేయాల్సిన అవసరం చాలాసార్లు వచ్చేదే కాదు. మైలేజీ అతని కాలిలో ఉందేమోనని నాకు ఎన్నడూ తోచలేదు. మార్కులన్నీ సీసాకే వేశాను. అతను కూడా, "ఇంజన్ మెత్తగా ఉందండీ ఓనర్ గారూ" అనేవాడు. నాకు అంతకంటే ఏం కావాలి?

పాతది అమ్మేసి కొత్త బండి తీసుకున్నాను. ఇప్పటి బండ్లకు సైలెన్సర్‌లో ఒక ఫిల్టరు ఉంటుంది. పొగలోని మసిని పట్టి ఉంచుతుంది, బాగా వేడెక్కినప్పుడు ఆ మసి కాలిపోతుంది. ఆయిల్ వల్ల వచ్చే బూడిద మాత్రం కాలదు, అక్కడే పేరుకుపోతుంది. ఇదంతా తర్వాత తెలుసుకున్నాను. తాళాలు ఇచ్చిన రోజు షోరూం ఆయన, "డీజిల్లో ఏమీ కలపకండి సార్" అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. నేను నవ్వి ఊరుకున్నాను. బంకుకి వెళ్ళగానే మూత తీయించి సీసా వంచాను.

"వద్దన్నారు కదండీ" అన్నాడు డ్రైవర్.

"వాళ్ళు పంపులు అమ్ముకోవద్దా భాయ్? అందుకే వద్దంటారు."

అతనికి ఆ మాట సబబుగానే తోచింది. "అదీ నిజమేలెండి" అన్నాడు.

కొన్నాళ్ళకి ఫిల్టరు లైటు వెలగడం మొదలైంది. బండి పక్కన ఆపి, ఇంజన్ ఆన్‌లోనే ఉంచి, మీట నొక్కి కాసేపు వదిలేస్తే లోపలి మసి కాలిపోతుందని సర్వీసు వాళ్ళు అతనికి చెప్పారట. ఫోన్ చేసి అడిగాడు. "బండి నిలబెట్టి డీజిల్ తగలేస్తావా? అది సెన్సర్ల గోల. పోనియ్ బండి" అన్నాను. మళ్ళీ అడిగాడు, మళ్ళీ అదే చెప్పాను, ఈసారి కొంచెం గట్టిగా. తర్వాత అతను అడగడం మానేశాడు. బండి బరువుగా లాగుతోందని అన్నప్పుడు నేను చేసిన వైద్యం, డోసు పెంచడం.

ఆ రోజు బండి గుడివాడ దగ్గర మిల్లులో బియ్యం ఎత్తుకుని కాకినాడ పోర్టుకి బయల్దేరింది. జంక్షన్ దగ్గరికి వచ్చేసరికి ఇక లాగనంది. "ఎర్ర లైటు పడిందండీ. ఎంత తొక్కినా మనిషి నడిచినట్టే పోతోందండీ. పక్కన పెట్టేశాను" అని ఫోన్ చేశాడు. నేను సర్వీసు వ్యాన్‌కి చెప్పి, కారేసుకుని బయల్దేరాను. గన్నవరం దాటేసరికే లోపల తెలిసిపోయింది, ఇది నా సీసా పనేనని. తెలిసి కూడా దారి పొడవునా ఎవరి మీద పెట్టొచ్చా అని ఆలోచించాను.

నేను వెళ్ళేసరికి మెకానిక్ తన కంప్యూటర్ తగిలించి చూస్తున్నాడు. టీ కొట్టు ముందు జనం ఉన్నారు. వాళ్ళలో నాకు బాగా తెలిసిన మరో ఓనరు కూడా ఉన్నాడు. మా లారీ ఓనర్లకు ఫోన్లో ఒక గ్రూపు ఉంది, అందులో ఇతని మాటే చెల్లుతుంది. తన బండి లోడింగ్ చూసుకుని వస్తూ టీకి ఆగాడట. నన్ను చూడగానే గ్లాసు ఎత్తాడు.

"ఏంటి డాక్టరు గారూ, పేషెంటు రోడ్డున పడ్డాడే!"

అందరూ నవ్వారు. మెకానిక్ నా దగ్గరికి వచ్చాడు. "ఫిల్టరు మొత్తం జామ్ అయిపోయింది సార్. ఇందులో ఏం కలుపుతున్నారు?" అంటూ ట్యాంకులోంచి తీసిన డీజిల్‌ని నీళ్ళ సీసాలో పట్టి ఎండకి ఎత్తి చూపించాడు. ఆకుపచ్చ రంగు తేలుతోంది. వాసన చూసి, "స్కూటర్ వాసన వస్తోందండీ" అన్నాడు.

"అయితే బండిని ఓసారి పక్కకి వంచి కిక్కు కొట్టండయ్యా, స్టార్టవుద్ది!" అని టీ కొట్టు బల్ల మీంచి ఎవరో అరిచారు. ఈసారి నవ్వు ఇంకా పెద్దగా వచ్చింది. ఆ ఓనరు నవ్వలేదు. తల ఓ పక్కకి వాల్చి నా వైపే చూస్తున్నాడు. కొత్త బండికి ఎవడైనా టూటీ పోస్తాడా అని అతను నోరు తెరవకముందే నేను మాట్లాడాలి.

"కొత్త బండికి నేనెందుకు పోస్తానయ్యా? నాకా మాత్రం తెలీదా?" అని మెకానిక్‌తో అని, డ్రైవర్ వైపు తిరిగాను. "ఏం పోశావ్ భాయ్?"

అతనికి అర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు. నేనేదో సరదాకి అంటున్నానని చిన్నగా నవ్వాడు కూడా. ఆ నవ్వు నాకు కోపం తెప్పించింది.

"నవ్వుతావేంట్రా? ఏం పోశావ్?"

అన్నేళ్ళలో అతన్ని రా అని పిలవడం అదే మొదటిసారి.

"అదేంటండీ ఓనర్ గారూ. మీరే కదండీ బంకులో..."

"చూశారా!" అన్నాను జనంతో. గొంతు దానంతటదే పెరిగింది. "దార్లో డీజిల్ అమ్ముకోవడం, తగ్గిన చోట చెత్తంతా పోసి నింపడం, పట్టుబడితే ఓనర్ మీద పెట్టడం!"

డీజిల్ అమ్ముకున్నాడన్న మాట నేను కారులో అనుకున్న అబద్ధంలో లేదు. అక్కడికక్కడే పుట్టింది. ఒకసారి అబద్ధం మొదలుపెట్టాక దాన్ని నిలబెట్టడానికి ఇంకా పెద్దది కావాల్సి వచ్చింది, నా నోరు దాన్ని అందించింది.

"అల్లా మీద ఒట్టండీ. నా పిల్లల మీద ఒట్టండీ. ఒక్క చుక్క అమ్మలేదండీ."

"మీ ఒట్లు మాకు తెలీవేంట్రా?" అన్నాను.

ఆ రోజు నేనన్న మాటలన్నిట్లోకీ నన్ను ఎక్కువగా తినేది ఆ 'మీ'. అతనొక్కడినే అంటే 'నీ' అనేవాణ్ణి. నేను 'మీ' అన్నాను. జనంలో ఇద్దరు ముగ్గురు తలలూపారు. వాళ్ళు తలలూపుతారని తెలిసే అన్నాను. మా ఇంట్లో పెళ్ళికి వచ్చి వడ్డన చేసిన మనిషి అతను.

మా పనిలో డ్రైవర్ని తీసేయడానికి కాగితమేమీ ఉండదు. కేబిన్‌లో ఉన్న అతని సామాను కిందికి దిగితే ఉద్యోగం పోయినట్టే. మామూలుగా డ్రైవరే మూట కట్టుకుని దిగిపోతాడు. ఎంత గొడవ జరిగినా ఆ మర్యాద మాత్రం అతనికి దక్కనిస్తారు. నేను దక్కనివ్వలేదు. పైకెక్కి ఒక్కొక్కటీ విసిరాను. దుప్పటి, లుంగీ, చిన్న స్టవ్, కారం డబ్బా. డబ్బా మూత ఊడి రోడ్డు మీద ఎర్రగా చిమ్మింది. తర్వాత చుట్టి పెట్టిన నమాజు చాప. అప్పటిదాకా కదలకుండా నిలబడ్డవాడు దానికోసం మాత్రం పరుగెత్తి, నేల తాకకుండా రెండు చేతుల్తో పట్టుకున్నాడు. చేతికి అందింది విసిరానా, అదని చూసే విసిరానా అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. చూసే విసిరాను.

మెకానిక్ తన వైర్లు చుట్టుకుంటూ, "ఎవరు పోసినా ఒకటేనండీ. కల్తీ ఉంటే వారంటీ రాదు" అన్నాడు. అంటే ఆ అబద్ధం వల్ల నాకు ఒరిగేది ఏమీ లేదని అక్కడే తేలిపోయింది. కనీసం అప్పుడైనా ఆపొచ్చు. కానీ ఆ ఓనరు నా భుజం మీద చెయ్యి వేసి, "ఫోటో తీసి గ్రూపులో పెట్టండి. లేకపోతే రేపు మనోడే ఇంకోడు తెలీక బండిస్తాడు" అన్నాడు. డాక్టరు అనలేదు, ఎగతాళి లేదు. నన్ను నమ్మాడు. ఆ నమ్మకం నాకు హాయిగా అనిపించింది.

డ్రైవర్ మూట కట్టుకుంటున్నాడు. నేను ఫోన్ ఎత్తగానే మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఫోటో వద్దండీ. పనిలోంచి తీసెయ్యండి, ఏమీ అననండీ. ఫోటో మాత్రం వద్దండీ. ఇంకెవరూ స్టీరింగ్ ఇవ్వరండీ నాకు. వేరే పని రాదండీ."

"చెయ్యి తియ్" అన్నాను.

తీశాడు. ఫోటో తీశాను. దాని కింద నా గొంతుతో, ఈ మొహం గుర్తుపెట్టుకోండి, డీజిల్ దొంగ, ట్యాంకులో కల్తీ చేసి నా బండి పాడుచేశాడు అని చెప్పి పంపాను. అతను మూట నెత్తిన పెట్టుకుని బస్సు స్టాండు వైపు నడిచాడు. మేం టీ తాగాం.

ఆ తర్వాత అతని గురించి నేను అడగలేదు. కొత్త ఫిల్టరు వేయించాక బండి బాగైంది, కొత్త డ్రైవర్ వచ్చాడు, ఆయిల్ పోయడం మానేశాను. మైలేజీ ఏమీ తగ్గలేదు. అయినా అది కొత్త ఫిల్టరు వల్లేనని సర్దుకున్నాను. ఒక మధ్యాహ్నం ఆ ఓనరు ఫోన్ చేసి నవ్వుతూ మొదలుపెట్టాడు.

"మీ భాయ్ మా షెడ్డుకి వచ్చాడండీ. స్టీరింగ్ ఇవ్వమన్నాడు. మీరు పెట్టిన ఫోటో తీసి అతనికే చూపించా. చూడయ్యా ఈ మొహం ఎవరిదో చెప్పు అన్నా. కనీసం బండ్లు కడగడానికైనా పెట్టుకోండి అంటాడు. నీళ్ళు కూడా అమ్ముకుంటావురా బాబూ, వద్దన్నా."

నేను కూడా నవ్వాను. ఫోన్ పెట్టేశాక ఆ నవ్వు నా చెవిలో ఉండిపోయింది. అన్నం ముందు కూర్చుంటే అదే. మా ఆవిడ, "ఎవరండీ ఫోన్లో? అంత నవ్వేరు" అని అడిగింది. చెప్పడం మొదలుపెట్టాను. జోకుగా చెబుదామనుకున్నాను. "అదేంటండీ, ఆయిల్ మీరే పోసేవారుగా?" అంది ఆవిడ మామూలుగా, మజ్జిగ పోస్తూ. నేనే పోసేవాణ్ణని ఆవిడకి తెలుసు. సీసాలు ఇంట్లోనే ఉండేవి. "అవును" అన్నాను. ఆవిడ మజ్జిగ గిన్నె కింద పెట్టేసింది. చెయ్యి కడుక్కుని కొండపల్లి వెళ్ళాను.

తలుపు తీసింది అతని భార్య. నన్ను ఎప్పుడూ చూడకపోయినా పోల్చుకుంది.

"ఫోటోకి వచ్చారాండీ? ఈసారి నాది కూడా తీసుకోండి. ఇంట్లో అందరిదీ తీసుకెళ్ళండి."

"భాయ్ ఉన్నాడామ్మా?"

"భాయా? దొంగ కదండీ ఆయన? దొంగ కోసం మీరు రావడమేంటి, పోలీసుల్ని పంపాలి గానీ."

అతను వెనకనుంచి వచ్చాడు. బూడిద ఇటుకలు చేసే చోట మోత పనికి వెళుతున్నాడట. కనుబొమ్మల దాకా తెల్లటి దుమ్ము. నన్ను చూసి అలవాటుగా "రండి ఓనర్ గారూ" అని, వెంటనే ఆగిపోయాడు. లోపలికి మాత్రం పిలవలేదు.

"తప్పయిపోయింది భాయ్. బండెక్కు. రేపట్నించి వచ్చెయ్" అన్నాను.

"నేనెక్కనండీ."

"గ్రూపులో చెప్పేస్తాను. ఇప్పుడే చెప్పేస్తాను." అక్కడే నిలబడి ఫోన్ తీసి, ఆ డ్రైవర్ విషయంలో పొరపాటు జరిగింది, ఎవరూ పట్టించుకోవద్దు అని పంపాను. పెద్ద పనేదో చేసినట్టు అతనికి వినిపించాను.

అతను విన్నాడు. "పొరపాటు జరిగిందా?" అన్నాడు. "ఎలా జరిగిందండీ? వాన కురిసినట్టు దానంతటదే జరిగిందా? నా మీద చెప్పినప్పుడు దొంగని పేరు పెట్టి, ఫోటో పెట్టి చెప్పారు గదండీ. మీ మీద చెప్పుకునేటప్పుడు మనిషే లేడా?"

అతని భార్య గుమ్మంలోంచి, "వదిలెయ్యండీ ఆయన్ని. పెద్దమనిషి. అంతకంటే నోరు తిరగదు" అంది.

ఫోన్లో మైకు గుర్తు మళ్ళీ నొక్కి పట్టుకుని గ్రూపుకి మాట్లాడాను. టూటీ ఆయిల్ పోసింది నేను. బంకులో నా చేత్తో పోశాను, షోరూంలో వద్దన్నా పోశాను. ఫిల్టరు లైటు వస్తోందని అతను చెబితే పట్టించుకోవద్దన్నది నేను. డీజిల్ అమ్ముకున్నాడన్నది అబద్ధం, నేను పుట్టించింది. దొంగ కాదు అతను. అతని వల్ల ఎవరికీ నష్టం జరగలేదు, నా వల్ల అతనికి జరిగింది. మళ్ళీ విని దిద్దకుండా అలాగే పంపాను.

మేం ముగ్గురం నిలబడి ఉండగానే జవాబులు రావడం మొదలైంది. అవి కూడా అతనికి వినిపించాను, దాచడానికి నాకిక హక్కు లేదు కాబట్టి. "డాక్టరే పేషెంటుని చంపాడా!" అని ఒకరు. "మేం కూడా నీ డోసే పోస్తున్నాం కదరా నాయనా, మా ఫిల్టర్లకి దిక్కెవరు?" అని ఇంకొకరు. చివర్లో ఆ ఓనరు గొంతు: "అంటే ఆ రోజు నన్ను పక్కన నిలబెట్టుకుని, నా చేత కూడా ఫోటో పెట్టమని చెప్పించావన్నమాట. ఛీ!" డ్రైవర్ భార్య అది విని లోపలికి వెళ్ళిపోయింది. అతను మాత్రం నవ్వలేదు, జాలిపడలేదు. "జంక్షన్లో విన్నోళ్ళు గ్రూపులో లేరండీ" అని తలుపు వేసుకున్నాడు.

మర్నాడు జంక్షన్‌కి వెళ్ళి టీ కొట్టు ముందు నిలబడి చెప్పాను. ఆ రోజు డ్రైవర్ సామాను విసిరింది నేనేనని, అతని తప్పేమీ లేదని. టీ పోసే ఆయన గ్లాసులు కడుగుతూ, "ఏ డ్రైవరండీ? రోజూ ఎవరో ఒకరు కొట్టుకుంటానే ఉంటారు ఇక్కడ" అన్నాడు. బల్ల మీద కూర్చున్నవాళ్ళు నన్ను ఒకసారి చూసి తమ మాటల్లో పడిపోయారు. ఒక మనిషి బతుకు తీసేసిన మాట అక్కడ ఎవరికీ గుర్తు లేదు. అయినా మొదటినుంచీ చివరిదాకా మళ్ళీ చెప్పాను. ఒక్క ముసలాయన విన్నాడు. "మరి ఇప్పుడతనికి బండి దొరికిందా?" అని అడిగాడు. లేదన్నాను. "మరి ఇక్కడేం చేస్తున్నారు?" అన్నాడు.

అక్కణ్ణుంచి నేరుగా ఆటోనగర్‌లో ఆ ఓనరు షెడ్డుకి వెళ్ళాను. అతను నన్ను కూర్చోమనలేదు, పనివాళ్ళందరి ముందూ నోటికొచ్చినట్టు తిట్టాడు. తిట్టడం అయ్యాక, స్టీరింగ్ భాయ్‌కి ఇవ్వండి అని అడిగాను. "మీ మాట మీద ఎవడిస్తాడండీ ఇంక?" అన్నాడు. "నా మాట మీద వద్దు, పక్కన కూర్చుని అతని డ్రైవింగ్ చూసి ఇవ్వండి" అన్నాను. సరే, పంపించమన్నాడు. పంపడానికి నేనెవరిని అనిపించి, అతని నంబరు ఇచ్చి, మీరే పిలవండి అని వచ్చేశాను.

ఇప్పుడు భాయ్ ఆ ఓనరు బండి మీదే మైలవరం వైపు మామిడి లోడ్లకు తిరుగుతున్నాడని విన్నాను. నాకు అతను ఫోన్ చేయలేదు, చేస్తాడని ఎదురుచూసే అర్హత కూడా నాకు లేదు. ఆ ఫోటో మాత్రం నేను నా ఫోన్లో తీసేసినా ఇంకా చాలామంది ఫోన్లలో ఉంది. గ్రూపులో ఉన్న ఒక్కొక్కరికీ ఫోన్ చేసి తీసేయమని అడుగుతున్నాను. కొందరు డాక్టరు గారూ అని మొదలుపెడతారు. వాళ్ళ నవ్వు అయిపోయేదాకా ఆగి, మళ్ళీ అడుగుతాను. ఫోన్ ఎత్తనివాళ్ళ షెడ్డులకు వెళ్ళి, ఎదురుగా నిలబడి, తీసేసింది కళ్ళతో చూసి వస్తున్నాను.